చుట్టాలొచ్చిన మూడు రోజుల మంట

ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఈ ఇంగ్లండులో, మన నార్తాంప్టన్‌లో బతుకమ్మ పేర్చినా, గణపతిని కూర్చోబెట్టినా, ఎవరి పిల్లకు పుట్టినరోజు చేసినా, కమ్యూనిటీ హాలు వెనక వంటగదిలో పెద్ద గిన్నె ముందు నిలబడింది ఎవరు? కళావతి. సర్వపిండి ఎవరు చేశారు? కళావతి. తిన్నారు, మూతి తుడుచుకున్నారు, మిగిలింది డబ్బాల్లో పెట్టించుకుని పోయారు. పొద్దున తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని ఆ మనిషి ఏ ఆఫీసుకు పోయేది, అక్కడ ఏం చేసేది, ఎడిన్‌బర్గ్‌లో మూడు దేశాల పెద్దమనుషుల ముందు నిలబడి ఏం చదివింది? అడిగారా? ఒక్కటి మాత్రం అందరూ అడిగారు: పిల్లలెందుకు లేరని. ఆ ప్రశ్నకు మీకు ఎక్కడలేని నోరు వచ్చింది. ఇప్పుడైనా కూర్చుని వినండి. మధ్యలో లేచినవాళ్ళకు చాయ్ లేదు.

కళావతి పెరిగింది నల్లగొండ వైపు, సున్నపురాయి గనుల పక్కన ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో. తండ్రి మొగిలయ్య అక్కడ కిలన్ మీద బర్నర్. కిలన్ అంటే తెలియదు కదా మీకు! సిమెంటు అంటే సంచిలో పుడుతుందనుకుంటారు. కిలన్ అంటే పడుకోబెట్టిన ఇనుప గొట్టం. మన వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటుంది. నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. పై చివర రాతిపొడి పోస్తారు, కింది చివర బొగ్గు మంట పెడతారు. పొడి దొర్లుకుంటూ వచ్చి, ఉడికి, గోలీకాయలంత ముద్దలై బయట పడుతుంది. దాన్ని క్లింకర్ అంటారు. అది దంచితే సిమెంటు. ఆ మంట ముందు నిలబడి కనిపెట్టుకుని ఉండేవాడు బర్నర్.

ఆ ఫ్యాక్టరీలో పుస్తకాలు రెండు. ఒకటి మంచి పుస్తకం, అట్ట మీద ముద్ర ఉన్నది, ఆఫీసర్లు చూసేది. అందులో అంకెలన్నీ స్నానం చేసి, తలదువ్వుకుని కూర్చుంటాయి. రెండోది చిత్తు పుస్తకం. అది కిలన్ పక్కన రేకు డబ్బాలో ఉంటుంది. ఒక షిఫ్టు బర్నర్ ఇంకో షిఫ్టు బర్నర్‌కు నిజం చెప్పాలి కదా! ఎంత బొగ్గు తిన్నది, ఎంత ముద్ద ఇచ్చింది, ఎన్నిసార్లు కరెంటు పోయి ఆగింది, ఎక్కడ గాలి కారుతున్నది, అన్నీ తెలుగులో, పెన్సిలుతో. ఆ చిత్తు పుస్తకం మొదలుపెట్టినవాడు మొగిలయ్యే. ఆయన రాయలేడు. అన్నం తెచ్చిన కూతురు కూర్చుని రాసేది. అట్లా కళావతికి పదేళ్ళకే తెలుసు: టన్ను ముద్దకు రెండు వందల పది కిలోల బొగ్గు తింటుంది ఒకటో నంబరు కిలన్. రెండు వందలకు దిగిన రోజు మొగిలయ్య ఇంటికి జిలేబీ తెచ్చేవాడు.

తర్వాత టైపు నేర్చింది. గోపాల్‌రావును చేసుకుంది. హైదరాబాదులో పాతకాలపు కంప్యూటర్ల మీద పనిచేసిన మనిషి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని లోకమంతా గగ్గోలు పడింది చూడండి, అప్పుడు, తొంభై ఎనిమిదిలో, ఆ పాత విద్య తెలిసినవాళ్ళు కావాలని పిలిస్తే నార్తాంప్టన్ వచ్చారు. తేదీలేవీ మరిచిపోలేదు, కానీ వీళ్ళు ఉండిపోయారు. కళావతి మొదట బిస్కెట్ల గోదాములో రోటా మీద, అంటే వారానికో షిఫ్టులో, నిలబడింది. తర్వాత ఒక చిన్న ఆఫీసులో టైపు పని దొరికింది. చెప్పుల దుకాణం పైన, మెట్లెక్కితే ఎడమ పక్క.

ఆ ఆఫీసు పని ఏమిటంటే, బ్రిటన్, ఇండియా, చైనా మూడు దేశాలూ కలిసి సిమెంటు ఫ్యాక్టరీల్లో బొగ్గు తగ్గించాలని పెట్టుకున్న ఒక పథకానికి కాగితాలు చూడటం. పొగకు వీసా అక్కర్లేదు కదా, ఎక్కడ లేచినా అందరి నెత్తినే. అందుకని ఒక దేశానికి తెలిసిన కిటుకు ఇంకో దేశానికి చెప్పాలి, కొన్ని కిలన్లను ఎంచి, మూడు దేశాల ఇంజనీర్లూ కలిసి బాగు చేయాలి, వృథాగా పోయే వేడిని పట్టి కరెంటు చేయాలి, వచ్చిన ఫలితం అందరికీ చూపించాలి. మంచి మాటే. ఎవరు కాదన్నారు? కానీ మంచి మాట చెప్పడానికి ఎన్ని ఫారాలు! ఒక్కో ఫ్యాక్టరీకి నలభై పేజీలు. అవన్నీ టైపు చేసేది కళావతి.

రెండువేల ఆరు, మార్చిలో, అట్లా టైపు చేస్తుంటే ఆమె చేయి ఆగింది. తన ఊరి ఫ్యాక్టరీ ఫారం. ఒకటో నంబరు కిలన్. జనవరిలో మూడు దేశాల ఇంజనీర్లు పోయి, మూడు రోజులు ఉండి, తమ చేత్తో తూచి రాసుకొచ్చిన అంకె: టన్నుకు నూట డెబ్బై మూడు కిలోలు.

కళావతికి ఒళ్ళు మండింది. లేచి నేరుగా డెరెక్ గదిలోకి పోయింది. డెరెక్ అంటే ఆఫీసు పెద్ద. మంచివాడే, కానీ కాగితం మీద లేనిది లోకంలో లేదనుకునే రకం.

"ఈ అంకె నిజం కాదు" అన్నది.

"మా వాళ్ళే తూచారు కదా కాలా" అన్నాడు డెరెక్. ఏడేళ్ళయినా పేరులో మొదటి సగం దాటలేదు ఆయన నాలుక.

"తూచింది నిజమే. మంట నిజం కాదు. అతిథులు వచ్చారని అట్లా మండించారు."

"అంటే మోసం చేశారంటావా?"

"మోసమా? మర్యాద చేశారు!"

డెరెక్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మర్యాద రాయడానికి ఫారంలో గడి లేదు."

"అయితే గడి పెట్టండి."

"చూడు కాలా, రూలు నీకు తెలుసు. ఎక్కువ బొగ్గు వృథా అయ్యే కిలన్లనే ఎంచాలి. ఇది ఇప్పటికే బాగుంది. దీనికి చేసేదేముంది? మంచి వార్తే కదా."

మంచి వార్త! కళావతికి అసలు సంగతి తెలుసు. ఆ ఫ్యాక్టరీ యజమాని ముందే తేల్చి చెప్పాడు: ఈ పథకంలోకి వస్తే ఒకటో కిలన్ బాగుచేయిస్తాం, రాకపోతే దసరాకు ఆర్పేస్తాం. ఆ కిలన్ ఆరితే దాని వెంట మూడు వందల ఇళ్ళలో పొయ్యి ఆరుతుంది. అందరికన్నా ఎక్కువ బొగ్గు తినే కిలన్, అందరికన్నా ముందు సాయం అందవలసిన కిలన్, మూడు రోజులు ముస్తాబై కూర్చుని తన పేరు తానే కొట్టేయించుకుంటున్నది. ఒళ్ళు మండదా మరి!

"ఏం తెస్తే మారుస్తారు?" అని అడిగింది.

"మామూలు రోజుల లెక్క. తొంభై రోజులది. చేతిరాతైనా సరే. కానీ అది నిజమని ఫ్యాక్టరీ ఒప్పుకోవాలి. నవంబరులో ఎడిన్‌బర్గ్‌లో కమిటీ కూర్చుంటుంది. అప్పటిదాకా జాబితా ఖాయం కాదు."

మధ్యాహ్నం భోజనం వేళ సాండ్‌విచ్ పక్కన పెట్టి, ఫోన్ కార్డు గీకి హన్మంతుకు ఫోన్ చేసింది. హన్మంతు మొగిలయ్య దగ్గర పని నేర్చినవాడు. ఇప్పుడు ఆ కిలన్ మీద పెద్ద బర్నర్. యాభై దాటాయి.

"హన్మంతూ, జనవరిల వచ్చినోళ్ళకు ఏం జూపిచ్చిన్రురా?"

"మస్తు జూపిచ్చినం అక్కా! గేటుకాడ దండలు, బొట్లు. చైనా మేడం ఒకామె వస్తే పోచంపల్లి చీర పెట్టినం. కట్టుకొని ఫొటో గూడ దిగింది."

"చీర గాదురా. కిలన్ సంగతి జెప్పు."

"అబ్బ, నువ్ జూడాల్సుండె! మూడు దినాలు పెండ్లిపిల్ల లెక్క తిరిగింది. వారం ముందుగాలనే ఆపి లోపలి ఇటుకలు మార్చినం. సందులన్నిటికి మట్టి గొట్టినం. కరెంటోళ్ళను బతిలాడి మూడు దినాలు కోత లేకుండ జేస్కున్నం. దాచిపెట్టిన మంచి బొగ్గు దీసినం. ముగ్గురం బర్నర్లం ఇంటికి గూడ పోలె. ఎంతొచ్చిందో ఎర్కేనా?"

"నూట డెబ్బై మూడు."

"గదే! మీ నాయిన ఉంటే ఎత్తుకొని ఎగిరేటోడు."

"మా నాయిన ఉంటే చెప్పు దీస్కొని ఎంటబడేటోడు! అరే, జొరమొస్తేనే మందిస్తరురా. డాక్టరొచ్చేటాలకు మీరు మొకానికి పౌడర్ రాస్కొని కూసున్నరు. ఇంగ మందెవడిస్తడు?"

హన్మంతు మెల్లగా అన్నాడు. "అంటే మనది జాబితల లేదా అక్కా?"

"లేదు. చిత్తు పుస్తకం పంపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాక."

"అమ్మో! అది బయటికొస్తే ఇంకేమన్న ఉన్నదా? మంచి పుస్తకంల ఒకటి, దీంట్ల ఒకటి. మేనేజర్ పార్థసారథి సార్ నా తోలు దీస్తడు."

"కిలన్ ఆరిపోతే తోలుతోని ఏం జేస్కుంటవ్?"

"గట్ల గాదక్కా. ఇంటికొచ్చినోళ్ళకు సొట్టగిన్నెల అన్నం పెడ్తమా చెప్పు? ఇప్పుడు పోయి, మీకు పెట్టింది మా రోజు తిండి గాదు, అప్పు దెచ్చి పెట్టినమని చెప్పుకుంటమా?"

కార్డులో నిమిషాలు అయిపోయాయి. ఆ వారంలో మూడు కార్డులు గీకింది. ఒకసారి హన్మంతు జాతరలో ఉన్నానన్నాడు. ఇంకోసారి ఆయన భార్య తీసి, ఆయన స్నానానికి పోయాడన్నది. సాయంత్రం నాలుగింటికి పోయినవాడు ఆరింటికి కూడా రాలేదు. చెరువులో మునిగాడా, బకెట్లో మునిగాడా!

ఇంట్లో గోపాల్‌రావు ఒకడు. టీవీ ముందు కాళ్ళు చాపుకుని సలహాలు.

"నీకెందుకే? నువ్వు టైపిస్టువి. అంకె వాళ్ళది, అచ్చు నీది."

"మా ఊరిది."

"ఊరు వదిలి ముప్పై ఏండ్లాయె. ఊరోళ్ళే మూస్కొని కూసుంటే నీకేం నొప్పి?"

"మీకు పోయిన నెల నడుము నొప్పొచ్చినప్పుడు జీపీ డాక్టర్ దగ్గర ఏం జేసిన్రు?"

"ఏం జేసిన?"

"రిసెప్షన్ పిల్ల ముంగట నవ్వుకుంట, ఐ యామ్ ఫైన్, థాంక్యూ అన్నరు. ఆమె మూడు వారాల తర్వాత రమ్మన్నది. ఇంటికొచ్చి నా మీద అరిసిన్రు. మీ అందరి జబ్బు ఒకటే. అడిగేటోడు అడిగినప్పుడు పండ్లికిలించుడు, పోయినంక ఏడుసుడు!"

గోపాల్‌రావు టీవీ చప్పుడు పెంచాడు.

నాలుగోసారి హన్మంతు దొరికాడు. కళావతి తిట్టలేదు. ఒకటే మాట అడిగింది. "మీ కొడుకు గూడ కిలన్ మీదనే జేస్తుండు గదా?"

"చేస్తుండక్కా. పోయినేడు పర్మనెంట్ అయిండు."

"దసరాకు ఏం జేస్తడు?"

హన్మంతు దగ్గాడు. గొంతు సవరించుకున్నాడు. "నా పేరు రానియ్యనని మాటియ్యి."

"మా నాయిన మీద ఒట్టు."

కాగితాలు వచ్చిన తీరు చూడండి. పోస్టులో వేస్తే పోతుందని హన్మంతుకు భయం. ఫ్యాక్స్ చేయాలంటే ఫ్యాక్టరీ ఆఫీసులోనే ఉంది, మేనేజరు గది పక్కన. చివరికి ఎవరో లండన్ పోతున్నారని తెలిసి, మామిడికాయ తొక్కు సీసాల నడుమ చిత్తు పుస్తకం పెట్టి, పాత చీర చుట్టి, వాళ్ళ చేతికిచ్చాడు. వాళ్ళు లండన్‌లోనే స్టాన్‌మోర్‌లో, కళావతికి తెలిసిన పిల్ల స్నేహలత ఇంట్లో దించి పోయారు. కళావతి శనివారం పొద్దున రైలెక్కి, మారి, ఇంకో రైలెక్కి, అక్కడికి పోయింది. స్నేహలత గుమ్మంలోనే అన్నది: "ఆంటీ, సీసా ఒకటి పగిలింది. పుస్తకానికి కొంచెం నూనె అంటింది. తొక్కు మాత్రం మస్తుంది."

కొంచెమట కొంచెం! అక్టోబరు నెల మొత్తం నూనెలో తేలుతున్నది. కళావతి టిష్యూలు అద్ది, ఇస్త్రీపెట్టె కింద పాత పేపర్లు పెట్టి, ఒక్కో పేజీ ఆరబెట్టింది. గోపాల్‌రావు మూతి ముడుచుకునే ప్లగ్గు పెట్టి ఇచ్చాడు. పేజీ పేజీ ఇంగ్లీషులో టైపు చేయడానికి ఆరు వారాలు పట్టింది. తొంభై రెండు రోజులు. కరెంటు పోయి కిలన్ ఆగింది నలభై ఒక్కసార్లు. ఆగిన ప్రతిసారీ చల్లబడుతుంది, మళ్ళీ వేడెక్కించడానికే బోలెడు బొగ్గు. అన్నీ కూడితే సగటు రెండు వందల పదకొండు. నలభై ఏళ్ళలో ఒక్క కిలో తగ్గలేదు ఆ మొండిముండ.

పుస్తకంలో జనవరి పేజీలు కూడా నాలుగు వచ్చాయి. చుట్టాలొచ్చిన మొదటి రోజు కింద ఎవరో పెన్సిలుతో రాశారు: "దొరలు వచ్చిండ్రు. దాచిన బొగ్గు తీసినం. సందులు మూసినం. ఈ లెక్క నమ్మొద్దు."

డెరెక్ ఆ పుస్తకాన్ని వాసన చూసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కళావతి టైపు చేసిన ఇంగ్లీషు కాగితాలు మూడుసార్లు చదివాడు. "ఇది నిజమే అనిపిస్తున్నది" అన్నాడు చివరికి. "అయితే నాకు అనిపిస్తే చాలదు. ఫ్యాక్టరీ తరఫున మేనేజరు వస్తున్నాడు. ఆయన ఒప్పుకోవాలి. నువ్వు కూడా రా. మీటింగులో ఎవరేమన్నారో మినిట్స్ రాయడానికి."

నవంబరు. ఎడిన్‌బర్గ్. మనిషిని అడ్డంగా తోసే గాలి, పక్కనుంచి కొట్టే వాన. బస్సు దిగి యూనివర్సిటీ హాలు దాకా నడిచేసరికి కళావతి గొడుగు పువ్వులా వెనక్కి విచ్చుకుంది. లోపల పొడుగాటి బల్ల, ముప్పై మంది, మూడు దేశాల జెండాలు చిన్నవి, సీసాల్లో నీళ్ళు. పార్థసారథి గారు సూటు వేసుకుని, పైన మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. చదువుకున్నవాడు, కష్టపడి పైకొచ్చినవాడు, చెడ్డవాడేమీ కాదు. ముస్తాబు మనిషి, అంతే.

టీ వేళ కళావతి ఆయన పక్కకు చేరింది. పరిచయం చెప్పుకుంది. ఆయన ముఖం వెలిగింది.

"మన మొగిలయ్య కూతురివా అమ్మా? ఇక్కడ మనవాళ్ళు కనపడటమే గొప్ప! మన కిలన్ అంకె చూశావా? నూట డెబ్బై మూడు. చైనావాళ్ళది కూడా మన తర్వాతే."

"చూసిన సార్. దాని వల్లనే మన పేరు తీసేస్తున్నరు."

ఆయన చేతిలో కప్పు ఆగింది. కళావతి సంగతంతా చెప్పింది. ప్లాస్టిక్ కవరు తీసి చూపించింది. ఆయన రెండు పేజీలు తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరిదీ రాత?"

"మా నాయినది." హన్మంతు పేరు రానియ్యనని ఒట్టు వేసింది కదా, అక్షరం రాని తండ్రి మీదికి నెట్టింది.

"మీ నాయన పోయి పదిహేనేళ్ళు దాటింది. పోయినేడాది అక్టోబరులో డ్యూటీకొచ్చాడా?"

"వచ్చిండేమో సార్. మీ కిలన్ అట్ల ఉన్నది మరి."

"వేళాకోళాలు వద్దమ్మా. ఇది బయట పెడితే నా ఫ్యాక్టరీ పరువేం కావాలి? మంచి రిజిస్టరులో నా సంతకం ఉంది. ఇంతమంది ముందు నేను నిలబడి, మేము మీకు నాటకం చూపించామని చెప్పాలా?"

"నాటకమని ఎందుకంటరు సార్? చుట్టాలొచ్చిన్రని మంచిగ పెట్టినమని చెప్పున్రి."

"వాళ్ళకు అర్థం కాదు."

"అర్థమయ్యేటట్టు జెప్పున్రి. ఇంగ్లీషు మీకొచ్చినంత నాకొస్తే నేనే జెప్తుంటి. మీ పరువు నిలబడ్తది, రేపో మాపో కిలన్ పడుకుంటది. మూడు వందల ఇండ్లోళ్ళు మీ పరువు వండుకొని తినాల్నా సార్?"

ఆయన కప్పు బల్ల మీద పెట్టి, మఫ్లరు ఒకసారి విప్పి మళ్ళీ చుట్టుకుని, లోపలికి పోయాడు. దసరా అప్పటికే పోయింది, యజమాని కమిటీ తేల్చేదాకా ఆగుదామన్నాడు కాబట్టి కిలన్ ఇంకా తిరుగుతున్నది. ఆ రోజుతో అది కూడా తేలిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం మూడింటికి ఆ కిలన్ వంతు వచ్చింది. డెరెక్ లేచి, తమ దగ్గర ఇంకో లెక్క ఉందని చెప్పి, కళావతిని చదవమన్నాడు. మినిట్స్ రాయడానికి వచ్చిన మనిషి! అయినా చదివింది. తొంభై రెండు రోజులు, నలభై ఒక్కసారి ఆగడం, రెండు వందల పదకొండు. చివరికి ఆ పెన్సిలు వాక్యం కూడా ఇంగ్లీషులో: "ఈ లెక్క నమ్మొద్దు."

అధ్యక్షుడు, ఒక స్కాట్లాండు పెద్దాయన, పార్థసారథి వైపు తిరిగాడు. "ఈ పుస్తకం మీ ఫ్యాక్టరీదేనా?"

పార్థసారథి తల వంచుకుని కూర్చున్నాడు. ఎంతసేపు! కళావతి పెన్ను పట్టుకుని, ఆయన జుట్టు వైపు చూస్తూ, లోపల్లోపల తిట్టుకుంటూ నిలబడింది. లేవవయ్యా. నోరు విప్పవయ్యా. ఇంత దూరం మఫ్లరు మోసుకొచ్చావు, ఒక్క మాట మోసుకురాలేదా?

ఆయన లేచాడు. "మాదే" అన్నాడు. "జనవరిలో మీరు చూసింది మా కిలన్‌ను కాదు. మీకోసం మేము తయారుచేసిన కిలన్‌ను. ఇంటికి అతిథి వస్తే మా దగ్గర ఉన్నదాంట్లో మంచిది పెడతాం. రోజూ తినేది ఇదిగో, ఈ పుస్తకంలో ఉంది."

కూర్చున్నాడు. అప్పుడు బల్లకు అవతల నుంచి నవ్వు వినిపించింది. చైనా మేడం! పోచంపల్లి చీర పెట్టించుకున్నామె. చేయి నోటికడ్డం పెట్టుకున్నా ఆగడం లేదు. "క్షమించండి," అన్నది, "మీరు మా ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు మేము పక్కనున్న రెండు కిలన్లు ఆపేసి కరెంటంతా దీనికే ఇచ్చాం. పొగ గొట్టానికి రంగు కూడా వేశాం."

అందరూ బ్రిటన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినాయన వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "మేము రంగులేమీ వేయలేదు" అన్నాడు. కాసేపాగి, "తనిఖీ వారంలో పాత మిల్లు నడపం. దాన్ని మేము సర్దుబాటు అంటాం" అన్నాడు.

ముగ్గురూ ముగ్గురే! మూడు దేశాలు, ముప్పై మంది, నాలుగు సంవత్సరాల కాగితాలు, విమానాలు, హోటళ్ళు. అందరూ పోయి అందరి ముస్తాబులూ తూచుకుని వచ్చారు. డెరెక్ తల పట్టుకున్నాడు. కళావతికి నవ్వాలో ఏడవాలో తెలియక మినిట్స్‌లో "నవ్వులు" అని రాసి, మళ్ళీ కొట్టేసింది.

పాత అంకెలన్నీ పక్కన పెట్టాలని, ప్రతి ఫ్యాక్టరీలో పనివాళ్ళు రోజూ రాసుకునే పుస్తకం నుంచే తొంభై రోజుల లెక్క తీయాలని, తూచేవాళ్ళు చెప్పకుండా పోవాలని ఆ సాయంత్రమే తీర్మానించారు. తీర్మానం గంటలో అయింది. దాన్ని కాగితం మీద పెట్టడానికి ఏడు నెలలు పట్టింది. చిత్తు పుస్తకాన్ని ఫారంలో ఏమని పిలవాలో మూడు దేశాలకూ కుదరలేదట. ఉత్తరాలు, మళ్ళీ ఉత్తరాలు. ఒక్కో ఉత్తరం కళావతే టైపు చేసింది, పళ్ళు కొరుకుతూ.

పార్థసారథి హన్మంతు తోలు తీయలేదు. తీయకపోగా, చిత్తు పుస్తకానికి మంచి అట్ట వేయించి, ముద్ర కొట్టించి, ఇకనుంచి దీన్నే అందరూ చూస్తారని చెప్పి చేతికిచ్చాడు. మరుసటి వారం నుంచి బర్నర్లు దాంట్లో తలదువ్విన అంకెలు రాయడం మొదలుపెట్టారు. నిజం రాసుకోవడానికి రేకు డబ్బాలో ఇంకో పుస్తకం పుట్టింది. హన్మంతే ఫోన్‌లో చెప్పాడు. కళావతి ఫోన్ పక్కన పెట్టి, వంటగదిలోకి పోయి, గిన్నెలన్నీ చప్పుడయ్యేట్టు కడిగి, మళ్ళీ వచ్చి ఫోన్ తీసింది. "రెండోది దాచుడు బంద్‌జెయ్యిన్రి. వచ్చినోళ్ళకు అదే ఇయ్యిన్రి" అన్నది. ఇచ్చారు. ఆమెకు భయపడి ఇచ్చారు.

రెండువేల ఏడు వానాకాలంలో తూచేవాళ్ళు చెప్పకుండా వెళ్ళారు. కరెంటు పోయి కిలన్ ఆగి ఉన్న మంగళవారం గేటు ముందు దిగారు. దండల్లేవు, బొట్లు లేవు, పార్థసారథి గారు ఎంగిలి చేయి కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చాడు. తొంభై రోజుల లెక్క రెండు వందల తొమ్మిది వచ్చింది. ఒకటో నంబరు కిలన్ జాబితాలో మొదటి పేరైంది.

రెండువేల ఎనిమిది మొదట్లో పని మొదలైంది. చైనావాళ్ళు ముద్దలు చల్లార్చే యంత్రం కొత్తది పెట్టారు, వేడిగాలి మళ్ళీ కిలన్‌లోకే పోయేట్టు. బ్రిటన్ ఇంజనీర్లు సందులు మూసే పద్ధతి నేర్పారు, మట్టితో కాదు. మన బర్నర్లు వాళ్ళకు కరెంటు పోయినప్పుడు కిలన్ వంగిపోకుండా చేత్తో ఎట్లా తిప్పాలో నేర్పారు. అది వాళ్ళ పుస్తకాల్లో లేదట. వృథా వేడితో కరెంటు చేసే బాయిలరుకు పునాదులు తవ్వారు. ఆగస్టు నెల సగటు నూట ఎనభై ఎనిమిది. ఈసారి మంచి బొగ్గు దాచలేదు. ఆ అంకెను ఫారంలో టైపు చేసింది కూడా కళావతే. సెప్టెంబరులో యజమాని దగ్గర నుంచి కాగితం వచ్చింది: ఒకటో కిలన్ ఆర్పడం లేదు.

ఆ కాగితం చూపిస్తే గోపాల్‌రావు టీవీ ఆపి రెండుసార్లు చదివాడు. "నీ పేరు ఎక్కడా లేదు గదే" అన్నాడు.

"నా పేరెందుకు? కిలన్ పేరున్నది గదా, కింద చూడున్రి" అన్నది.

అక్టోబరులో, పనిరోజే, ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయింది. అంబులెన్సు వచ్చేసరికే గుండె ఆగింది. ఆ వారం బతుకమ్మకు హాల్లో సర్వపిండి ఎందుకు లేదని మీలో కొందరు అడిగారు.

చనిపోయేనాటికి కళావతికి యాభై ఆరేళ్ళు.